చిప్పు అతికితే జన్మంత అప్పేనా?

2025 సెప్టెంబర్‌ల అమెరికాల ఒక కేసు తెగింది. ఒక దిక్కు జపాన్ కంపెనీ నింటెండో. ఇంకో దిక్కు మిషిగన్ రాష్ట్రంల ఉండే ఒక్క మనిషి. ఆయనకు వకీలు లేడు, కోర్టుల తన మాట తానే చెప్పుకున్నడు. ఆఖరికి ఆయన ఒప్పుకున్న లెక్క 20 లక్షల డాలర్లు. మన పైసలల్ల 17 కోట్లు దాటుతది. ఇగ జన్మల ఆ పని ముట్టొద్దని కోర్టు కట్టడి వేరే. ఇంతకు ఆయన చేసిన పనేంది? నింటెండో స్విచ్ అని, చేతిల పట్టుకొని ఆడుకునే గేమ్ మిషన్ ఉంటది. దాన్ని విప్పి, లోపట గోరంత చిప్పు సోల్డరింగ్ చేసి, మళ్ల మూసి ఇచ్చుడు. అట్ల చేసిన మిషన్లు అమ్ముడు. వాటిల కాపీ గేమ్‌లు కూడా ఎక్కించి ఇచ్చిండని కంపెనీ ఆరోపణ.

పత్తికి ధర లేక రైతు ఏడుస్తుంటే పిల్లల గేమ్ మిషన్ ముచ్చట మనకెందుకు అనేటోళ్లు ఉంటరు. జర ఆగుండ్రి. పైసలు పోసి కొన్న వస్తువుకు యజమాని ఎవరు అనే కొట్లాట ఇది. ఇయ్యాల గేమ్ మిషన్ కాడ తేలిన లెక్కనే రేపు ఫోన్ కాడ, ట్రాక్టర్ కాడ, మోటర్ స్టార్టర్ కాడ నడుస్తది. అమెరికాల జాన్ డీర్ ట్రాక్టర్ల సాఫ్ట్‌వేర్ తాళాల మీద అక్కడి రైతులు ఏండ్ల కొద్ది కొట్లాడుతున్నరు. తాళం ఒక్కటే, అది వేసిన మిషన్లు వేరు.

ముందుగాల ఆ చిప్పు ఏం చేస్తదో చూద్దాం. నేను ఇంజనీర్‌ని కాదు. సర్క్యూట్లయినా, చట్టం సెక్షన్లయినా సొంతంగ చదివి, అడిగి, నేర్చుకున్నదే. అందుకే నాకు అర్థమైన భాషలనే చెప్త.

స్విచ్ 2017 మార్చి 3న బజారుకొచ్చింది. ఇప్పటికి 15 కోట్లకు పైగ అమ్ముడైంది. లోపట ఎన్విడియా కంపెనీ టెగ్రా ఎక్స్1 ప్రాసెసర్ ఉంటది. బటన్ నొక్కంగనే మొట్టమొదట నడిచే చిన్న ప్రోగ్రాంని ఫ్యాక్టరీలనే ఆ ప్రాసెసర్ల చెక్కేస్తరు. దాన్ని బూట్ రోమ్ అంటరు. తర్వాత వచ్చే ప్రోగ్రాం మీద కంపెనీ సంతకం ఉన్నదా లేదా అని చూసేది అదే. సంతకం ఉంటే లోపటికి తోలుతది, లేకుంటే ఆపుతది. గడి దర్వాజ కాడ కావలోని లెక్క అన్నట్టు.

2018ల ఆ కావలోనికే ఒక గుడ్డి కన్ను ఉన్నట్టు తేలింది. యూఎస్‌బీ నుంచి వచ్చే డేటాను ఎంత తీసుకోవాల్నో సరిగ్గ లెక్క చూడకుండ మింగుతున్నదని రీస్విచ్డ్ అనే బృందం బయటపెట్టింది. మిషన్ కుడి పక్క పట్టాల ఉన్న రెండు పిన్నులను ఇంత తీగముక్కతోని కలిపి, కేబుల్ పెడితే సంతకం లేని ప్రోగ్రాం నడిచింది. చెక్కిన రాత కాబట్టి అప్‌డేట్ ఇచ్చి దిద్దరాదు. అప్పటికే కోటికి పైగ మిషన్లు జనం చేతుల్ల ఉన్నయి. కంపెనీ కొత్తగ చేసే మిషన్లల్ల ఆ లోపం సరి చేసింది. 2019ల ప్రాసెసర్‌నే మార్చింది. ఆ ఏడు వచ్చిన స్విచ్ లైట్‌ల గాని, 2021ల వచ్చిన ఓఎల్ఈడీ మోడల్‌ల గాని తీగముక్క పని చెయ్యదు. అప్పుడు మొదలైంది సోల్డరింగ్ కథ.

ఇప్పుడు వేసే చిప్పు చేసే పని వింటే నవ్వొస్తది. కావలోడు సంతకం చూసే ఆ ఒక్క క్షణంల ప్రాసెసర్‌కు పోయే కరెంటును రెప్పపాటు, అది కూడా కాదు, రెప్పపాటుల కోట్లో వంతు గుంజి వదిలేస్తది. ప్రాసెసర్ తడబడ్తది. తడబాటుల సంతకం చూసే అడుగు దాటిపోతది. చిప్పు ముందే మెమరీల రాసిపెట్టిన ప్రోగ్రాం లోపటికి పోతది. ఒకసారి గురి తప్పితే మిషన్‌ని మళ్ల మొదటికి తెచ్చి ఇంకోసారి కొడ్తది. ఆ క్షణం ఎప్పుడొస్తదో తెల్వాలంటే మెమరీ చిప్పుకూ ప్రాసెసర్‌కూ నడుమ నడిచే మాటలు వినాలె. అందుకే వెంట్రుక మందం తీగలు కొన్ని మెమరీ లైన్లకు అతకాలె. కరెంటు గుంజేందుకు ప్రాసెసర్ పక్కనున్న నువ్వుగింజలో సగమంత కెపాసిటర్ల మీద ఒక పలుచని రిబ్బన్‌ని పర్చి అతకాలె.

ఇది అందరితోని అయ్యే పని కాదు. వెనుక మూత తీయాలంటేనే మామూలు స్క్రూడ్రైవర్ పనికిరాదు, మూడు రెక్కల స్క్రూలు పెట్టిండ్రు. లోపట రేకు తీసి, వేడి పీల్చే పేస్టు తుడిచి, మైక్రోస్కోప్ కింద పని చెయ్యాలె. వేడి ఎక్కువైతే బోర్డు మీద ప్యాడ్ లేస్తది, తక్కువైతే టాకా పట్టదు. ఓఎల్ఈడీ మోడల్‌ల అయితే కావాల్సిన ఒక లైను మెమరీ చిప్పు కిందనే దాగి ఉంటది. చిప్పు కిందికి రేకులాంటి సన్నని పట్టీని జరపాలె, లేకుంటే ఆ చిప్పునే లేపి మళ్ల బాల్స్ కట్టి కూర్చోబెట్టాలె. చెయ్యి వణికిందా, 30 వేల మిషన్ కాగితాల మీద పెట్టే బరువు అయితది.

ఈ పనితనం మన దగ్గర లేదనుకోవద్దు. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌ల, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ల, జిల్లా బస్టాండ్ల పక్కనున్న మొబైల్ దుకాణాల్ల జంపర్లు కొట్టే పోరగాండ్లను చూడుండ్రి. నీళ్లల్ల పడ్డ ఫోన్‌కు పానం పోసేటోడు, సర్వీస్ సెంటర్ 'బోర్డు మార్చాలె, 18 వేలు' అన్నదాన్ని 1,500కు చేసి ఇచ్చేటోడు ఏ కాలేజీల నేర్చుకున్నడు? డిగ్రీ లేని ఇంజనీర్లు వాళ్లు. మిషిగన్ మనిషి చేతిల ఉన్నది, వీళ్ల చేతిల ఉన్నది ఒకటే సోల్డరింగ్ ఐరన్. గేమ్ మిషన్ల చిప్పు అతికిన చెయ్యి, ఫోన్‌ల చార్జింగ్ ఐసీ అతికిన చెయ్యి వేరువేరు కాదు. చట్టం ఒక్కటే వేరు చేస్తది.

చట్టం సంగతికి ముందు గ్యారీ బౌజర్ కథ చెప్పాలె. కెనడా మనిషి. పేరుకు పేరు చూడుండ్రి, నింటెండో వాళ్ల మారియో గేమ్‌ల విలన్ పేరు కూడా బౌజరే, చాలా కాలం ఆ కంపెనీ అమెరికా అధ్యక్షుని ఇంటిపేరు కూడా బౌజరే. ఈ గ్యారీ బౌజర్ టీం ఎగ్జిక్యూటర్ అనే ముఠాల పని చేసిండు. స్విచ్‌ల అతికే ఎస్ఎక్స్ కోర్, ఎస్ఎక్స్ లైట్ చిప్పులు 2020ల బజారుల పెట్టింది వాళ్లే. ఆయన చిప్పు తయారు చేసినోడు కాదు, వెబ్‌సైట్లు నడిపి, సరుకు గురించి రాసి, దుకాణందార్లతోని మాట్లాడేటోడు. 2020 సెప్టెంబర్‌ల డొమినికన్ రిపబ్లిక్‌ల పట్టుకున్నరు. ముగ్గురి మీద అమెరికా కేసు పెట్టింది గాని, అక్కడి జైలుకు చేరింది ఈయనొక్కడే. కాలు బోదకాలు లెక్క ఉబ్బిన రోగిష్టి. నేరం ఒప్పుకున్నడు. సర్కారు వకీళ్లు 60 నెలలు అడిగిండ్రు, ఆయన వకీలు 19 నెలలు అడిగిండు, 2022 ఫిబ్రవరిల జడ్జి 40 నెలలు వేసిండు.

జైలు సంగతి వదిలేద్దాం, జైలు అయిపోతది. 2023ల బయటికొచ్చిండు కూడా. అయిపోనిది అప్పు. క్రిమినల్ కేసుల 45 లక్షల డాలర్లు, సివిల్ కేసుల కోటి డాలర్లు. కలిపితే 1 కోటి 45 లక్షల డాలర్లు, మన లెక్కల వంద కోట్ల రూపాయలు దాటుతది. ఏడేండ్లల్ల తనకు ముట్టింది 3 లక్షల 20 వేల డాలర్లని కోర్టుల చెప్పుకున్నడు. ముట్టినదానికి 45 రెట్లు కట్టాలె. జైల్ల చేసిన పనికిచ్చిన పైసలల్లనుంచి నెలకు 25 డాలర్లు కోసుకున్నరు, బయటికొచ్చేనాటికి కట్టింది మొత్తం 175 డాలర్లు. ఇగ ముందు సంపాదించేదాంట్ల కూడా నెలనెలా పావు వంతుకు పైగ కంపెనీకి పోవాల్సిందే. వయసు యాభై దాటినోడు. ఎన్ని జన్మలెత్తాలె?

మన తాతల కాలంల అప్పు కింద దొర కాడ జీతం ఉన్నోని లెక్క రాసిన బుక్కు దొర చేతుల్లనే ఉండేది. ఆ బుక్కు ఎన్నడూ తెగేది కాదు. 1976ల మన దేశం చట్టం చేసి ఆ పద్ధతిని రద్దు చేసింది. ఇక్కడ బుక్కు రాసింది కోర్టు, సంతకం పెట్టింది చట్టం, అంతే తేడా.

బౌజర్‌ని నేను పుణ్యాత్ముడంటలేను. టీం ఎగ్జిక్యూటర్ ప్రజల కోసం పని చేసిన సంఘం ఏం కాదు, పక్కా వ్యాపారులు. నింటెండో తాళం తీసి తమ తాళం వేసిండ్రు. తమ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు పేరుతోని పైసలు గుంజిండ్రు. ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరన్నా విప్పి చూస్తే మిషన్ మెమరీకి తాళం పడేటట్టు లోపట కోడ్ దాచిపెట్టిండ్రు, 2018ల అది బయటపడ్డది కూడా. స్వేచ్ఛ పేరు చెప్పి అదే దొరతనం. బౌజర్ పట్టుబడ్డంక చైనాల నకలు చిప్పులొచ్చినయి. 2023ల అయితే 4 డాలర్లకు దొరికే రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు మీదున్న చిప్పుతోనే అదే పని అయితదని తేలింది. పికోఫ్లై అంటున్నరు. పిల్లలు చదువుకునేందుకు చేసిన బోర్డు అది. ఒక మనిషి నెత్తిన వంద కోట్ల అప్పు పెట్టి ఏం ఆపిండ్రు మరి?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలె. చిప్పు వేయించుకునేటోళ్లల్ల ఎక్కువ మంది పుక్కటి గేమ్‌ల కోసమే వేయించుకుంటరు. ఒక్కో గేమ్ 60 డాలర్లు, 5 వేలకు పైన. గేమ్ తయారు చేసేటోళ్లు కూడా కూలోళ్లే. బొమ్మలు గీసేటోళ్లు, కోడ్ రాసేటోళ్లు, రాత్రిళ్లు కూసొని తప్పులు ఏరేటోళ్లు. హైదరాబాద్‌ల కూడా ఆ పని మీద బతికే పిల్లలు ఉన్నరు. వాళ్ల కష్టాన్ని కాపీ కొట్టి పెన్‌డ్రైవ్‌ల వేసి అమ్ముకునేటోన్ని నేను సమర్థించ. జపాన్‌ల 2025 జనవరిల ఒక 58 ఏండ్ల మనిషిని పట్టుకున్నరు. బోర్డుకు సోల్డరింగ్ చేసి, 27 కాపీ గేమ్‌లు ఎక్కించి 28 వేల యెన్లకు ఒకటి అమ్మిండని కేసు. అమ్మింది కాపీ గేమ్. శిక్ష దానికి పడితే ఎవ్వరం అడ్డురాము.

కాని చిప్పుతోని ఇంకా ఏమేం అయితయో కూడా చూడాలె కదా. స్విచ్‌ల మీరు ఆడిన ఆట లెక్క, అంటే ఎక్కడిదాకా వచ్చిండ్రు, ఏం కట్టిండ్రు అనేది, మిషన్ లోపటి మెమరీలనే ఉంటది. మెమరీ కార్డులకు కాపీ చేసుకోనియ్యరు. భద్రంగ దాచుకోవాలంటే నెలకో ఏడుకో చందా కట్టి కంపెనీ క్లౌడ్‌ల పెట్టాలె, దానికి కూడా కొన్ని గేమ్‌లు ఒప్పుకోవు. మెమరీలున్నది అంత ఆ ఒక్క మిషన్ తాళంచెవితోనే తెరుచుకుంటది. బోర్డు కాలిపోతే మెమరీ చిప్పు మంచిగున్నా, రిపేర్ చేసేటోడు దాన్ని తీసి ఇంకో బోర్డుల పెడితే తెరుచుకోదు. పిల్లగాడు మూడేండ్లు కట్టుకున్న ఊరు మట్టిల కలిసినట్టే. చిప్పు ఉంటే దాని నకలు తీసి పెట్టుకోవచ్చు. సొంతంగ రాసిన ప్రోగ్రాం నడుపుకోవచ్చు, లైనక్స్ ఎక్కించుకోవచ్చు. ఇండ్ల దొంగతనం ఏమున్నది?

అమెరికాల 1998 నాటి డీఎంసీఏ చట్టానికి ఈ తేడా పట్టది. తాళం విప్పుడే నేరం, లోపట ఏం చేసినవన్నది తర్వాత మాట. మూడేండ్లకొకసారి అక్కడి కాపీరైట్ ఆఫీసు కొన్ని మినహాయింపులిస్తది. 2021ల గేమ్ మిషన్ల రిపేర్‌కు ఇచ్చిన మినహాయింపు చూస్తే ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వదు. డిస్క్ డ్రైవ్ మార్చుకునేందుకు మాత్రమే, అది కూడా పని అయినంక తాళం మళ్ల యథాతథంగ వెయ్యాలె. స్విచ్‌ల డిస్కే లేదు. 2024ల హోటళ్ల ఐస్‌క్రీం మిషన్లు బాగు చేసుకోవచ్చని కూడా ఒప్పుకున్నరు. ఐస్‌క్రీంకు దొరికిన న్యాయం ఇంకా చేతిలున్న ఆటబొమ్మకు దొరకలే.

అన్ని దేశాలు ఇట్లనే అనలే. ఆస్ట్రేలియాల ప్లేస్టేషన్‌లకు చిప్పులు అతికి అమ్మిన స్టీవెన్స్ అనేటాయన మీద సోనీ కేసు వేస్తే, 2005 అక్టోబర్‌ల అక్కడి హైకోర్టు, అంటే మనకు సుప్రీంకోర్టు లెక్క, జడ్జీలందరు ఒక్క మాట మీద ఆయన దిక్కే తీర్పు చెప్పిండ్రు. సోనీ పెట్టిన తాళం కాపీ కొట్టుడును ఆపేది కాదు, కాపీ అయినంక ఆడకుండ ఆపేది మాత్రమే అని తేల్చిండ్రు. మంచిగనే ఉన్నది. కాని అప్పటికే ఆస్ట్రేలియా అమెరికాతోని స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఆ ఒప్పందానికి తగ్గట్టు 2006ల చట్టాన్నే మార్చిండ్రు. కోర్టుల గెలిచిన హక్కు ఒప్పందం కాగితం మీద పోయింది. యూరప్‌ల 2014ల పీసీ బాక్స్ అనే దుకాణం మీద నింటెండో వేసిన కేసుల అక్కడి పెద్ద కోర్టు ఇంకో మాట చెప్పింది. తాళం అవసరానికి మించి ఉండొద్దు, జనం ఆ చిప్పును నిజంగ దేనికి వాడుతున్నరో కూడా చూడాలె అన్నది.

ఇగ మన దేశం. మన కాపీరైట్ చట్టంల 2012ల 65ఎ సెక్షన్ చేర్చిండ్రు. తాళం విప్పితే రెండేండ్ల దాకా జైలు, జుర్మానా. కాని ఒక్క మాట మీద మొత్తం సెక్షన్ నిలబడ్డది: హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతోని విప్పితే. అంటే సోల్డరింగ్ నేరం కాదు, దొంగ ఉద్దేశం నేరం. చట్టం వద్దనని పని కోసం విప్పితే తప్పు లేదని అందుల్నే రాసి ఉన్నది. అదే చట్టంల 52వ సెక్షన్, కంప్యూటర్ ప్రోగ్రాంని న్యాయంగ కొనుక్కున్నోడు పాడైపోతదన్న భయంతోని నకలు తీసి దాచుకోవచ్చంటది. రెండు కలిపి చదివితే, నా లెక్కల, సొంత మిషన్‌ల సొంత ఆట నకలు తీసుకునేందుకు చిప్పు వేయించుకునుడు మన దేశంల నేరం కాదు. ఈ విషయంల అమెరికా కంటే మన చట్టమే మనిషి లెక్క ఆలోచించింది.

కాని అందుల ఒక ముల్లు ఉన్నది. ఇంకొకరి కోసం తాళం విప్పి ఇచ్చేటోడు, ఆ మనిషి పేరు, అడ్రసు, గుర్తుపట్టే వివరాలు, ఏ పని కోసం విప్పించుకున్నడో మొత్తం రాసి పెట్టుకోవాలె. బస్టాండ్ కాడ మూడడుగుల కౌంటర్‌ల కూసునే రిపేర్ పోరనికి ఈ సంగతి ఎవరన్న చెప్పిండ్రా? రేపు పోలీసోళ్లు వచ్చి రిజిస్టర్ ఏదిరా అంటే ఏం చూపెట్టాలె? పెద్ద కంపెనీకి లీగల్ డిపార్ట్‌మెంట్ ఉంటది, వీనికి చాయ్ గ్లాసు, ఫ్లక్స్ డబ్బ తప్ప ఏముంటది? వినియోగదారుల శాఖ 2022ల రిపేర్ హక్కు అని పోర్టల్ పెట్టింది, వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు అని నాలుగు రంగాలు చెప్పింది. అది కంపెనీలు తమ ఫోన్ నంబర్లు, సర్వీస్ సెంటర్ల అడ్రసులు ఒక్క కాడ పెట్టుకునే గోడ లెక్కనే ఉన్నది. బయటి మెకానిక్‌కు చట్టంల చోటు దొరకలే.

అమెరికాతోని వాణిజ్య ఒప్పందం మాటలు నడుస్తున్న కాలం ఇది. మేధో హక్కుల విషయంల అమెరికా ఏటా వేసే నిఘా జాబితాల ఇండియా పేరు ఏండ్ల కొద్ది ఉంటనే ఉన్నది. పాల మీద, మక్కల మీద సుంకాల లెక్కలైతే పేపర్లల్ల వస్తయి. 65ఎ సెక్షన్‌ల 'ఉద్దేశంతోని' అన్న ఒక్క మాట పీకేస్తే ఎవ్వరి కంట్ల పడ్తది? ఆస్ట్రేలియాల అట్లనే జరిగింది.

ఇంతల చిప్పుతోని కూడా పని లేని కొత్త తాళం వచ్చింది. 2025 మేల నింటెండో తన ఒప్పంద పత్రాన్ని మార్చింది. మిషన్‌ని తారుమారు చేస్తే దాన్ని శాశ్వతంగ పనికిరాకుండ చేసే హక్కు తమకున్నదని అమెరికాల రాసుకున్నది. జూన్ 5న స్విచ్ 2 వచ్చింది. కొన్ని రోజులకే, గేమ్ నకళ్లు వేసుకునే మిగ్ కార్డు పెట్టిన మిషన్లకు 2124-4508 అని ఎర్రర్ చూపెట్టి ఆన్‌లైన్ నుంచి వెలివేసుడు మొదలైంది. తమ సొంత గేమ్‌ల నకళ్లే వాడినమన్నోళ్లకు కూడా పడ్డది. వెలి మనిషి మీద కాదు, మిషన్ మీద. ఎవరు తప్పు చేసినా, ఆ మిషన్ ఎవరి చేతికి పోతే వాళ్లే అనుభవించాలె. బ్రెజిల్‌ల సావోపాలో వినియోగదారుల సంస్థ ప్రోకాన్ ఈ షరతు చెల్లదని కంపెనీకి నోటీసు పంపింది. మన దగ్గర ఉలుకు లేదు పలుకు లేదు.

ఎందుకు లేదంటే, నింటెండో మన దేశంల స్విచ్‌ను నేరుగ అమ్మదు. దుబాయ్ నుంచో, సింగపూర్ నుంచో, అమెరికాల ఉండే చుట్టపోళ్ల సూట్‌కేసులనో వస్తది. ఇక్కడ వారంటీ లేదు, సర్వీస్ సెంటర్ లేదు. పాడైతే దిక్కు ఆ సోల్డరింగ్ పోరగాడే. ఆ పోరగాని చేతులు కట్టేస్తే మిగిలేది చెత్తబుట్ట. వినియోగదారుల రక్షణ చట్టం 2019ల అన్యాయపు ఒప్పందం అనే మాట ఉన్నది. సరైన కారణం లేకుండ ఒక్క పక్కవాళ్లే ఒప్పందం తెంపుకునే షరతు అందుల్నే వస్తది, రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌ల కేసు వెయ్యొచ్చు. కంపెనీ ఇక్కడ లేకున్నా, తెప్పించి బిల్లు ఇచ్చి అమ్మినోడు ఉన్నడు. అందుకే బిల్లు లేకుండ కొనకుండ్రి. సెకండ్ హ్యాండ్ స్విచ్ 2 కొనేటోళ్లు దుకాణంలనే వైఫైకి కలిపి, ఆన్‌లైన్ ఖాతా తెరుచుకుంటున్నదా లేక పైన చెప్పిన ఎర్రర్ నంబర్ వస్తున్నదా చూసినంకనే పైసలియ్యుండ్రి. రిపేర్ దుకాణం పెట్టుకున్న తమ్ముళ్లు 20 రూపాయల నోట్‌బుక్ ఒకటి కొని, ఎవరి మిషన్, ఏ రోజు, ఏం పని కోసం విప్పిండ్రో రాయించుకొని సంతకం తీసుకోండ్రి.